సవరణ: కోచ్ లాడూసర్ 151 విజయాల గురించి

కాలిఫోర్నియాలోని డి లా సాల్ హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్ బాబ్ లాడూసర్ మొత్తం 151 మ్యాచ్‌లు గెలిపించారని ముందటి పోస్టులో ఉంది. అది 1992 నుంచి 2003 దాకా ఒక్క ఓటమీ లేకుండా సాగిన వరుస విజయాల లెక్క. 2004లో సియాటిల్‌లో బెల్‌వ్యూ జట్టు చేతిలో ఆ వరుసకు తెర పడింది. ఆయన మొత్తం విజయాలు 399, ఓటములు 25, డ్రాలు 3. అన్నట్టు, ఇది అమెరికన్ ఫుట్‌బాల్, మనం చూసే సాకర్ కాదు.

అయినా ఆయన్ని అంకెలతోనే కొలిస్తే అసలు విషయం చేజారిపోతుంది. 1979లో ఆయన వచ్చేనాటికి ఆ స్కూలుకు ఓటముల కంటే గెలుపులు ఎక్కువున్న సీజన్ ఒక్కటి కూడా లేదు. ఆయన అక్కడ మతబోధన పాఠాలూ చెప్పేవారు. మ్యాచ్‌కు ముందు ప్రతి కుర్రాడూ తన లక్ష్యాలను ఒక కార్డు మీద రాసి, అందరి ముందూ చదివి, తోటి ఆటగాడి చేతికి ఇవ్వాలి. మాట నిలబెట్టుకున్నాడో లేదో తర్వాత అడిగేది ఆ స్నేహితుడే. జట్టంతా చేతులు పట్టుకుని మైదానంలోకి నడవడం కూడా ఆయన హయాంలో స్థిరపడిన అలవాటే. నా దృష్టిలో 151 కంటే ఆ కార్డే పెద్దది.

ఆయన హెడ్ కోచ్‌గా చివరి సీజన్ 2012. పోస్టులో అంకెలు మార్చాను.