చిప్పు ఒకటే, డబ్బాలు పాతిక

కంప్యూటర్‌కి ఒక్క ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు కొందామని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి, రెండు గంటలు తిరిగి ఉత్త చేతులతో వచ్చాను. కార్డు దొరక్క కాదు, మరీ ఎక్కువ దొరికి. ఆసుస్, ఎంఎస్‌ఐ, గిగాబైట్, జోటాక్... ఏ కంపెనీ డబ్బా విప్పినా లోపల ఉండేది ఎన్‌విడియా చిప్పే. అదే 8 జీబీ మెమరీ, దానికి డేటా వెళ్లే దారి (బస్) కూడా అదే 128 బిట్. మరి తేడా ఏంటయ్యా అంటే "ఇది ఓసీ సార్, స్పీడు" అంటాడు షాపతను. ఓసీ అంటే ఓవర్‌క్లాక్, చిప్పు వేగం పెంచడం. మామూలు కార్డులో చిప్పు బూస్ట్ వేగం, అంటే పని ఎక్కువైనప్పుడు అందుకునేది, 2460 మెగాహెర్ట్జ్. డబ్బా మీద ఓసీ అని అచ్చేసి దానికి ఓ పిసరు కలుపుతారు, ధర మాత్రం వేలల్లో పెంచుతారు. గేములో సెకనుకి రెండు ఫ్రేములు పెరిగితే గొప్ప!

పైగా 115 వాట్ల కార్డుకి మూడు ఫ్యాన్లు. మా హాలు మొత్తానికే ఒక్క ఫ్యాను. పోనీ అదే కొందామంటే నా కంప్యూటర్ క్యాబినెట్‌లో పట్టదు, హార్డ్‌డిస్క్ గూడుకి తగులుతుంది. టేపు పెట్టి మరీ కొలిచాను.

వారంటీ ఒకదానికి మూడేళ్లు, ఇంకోదానికి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే ఐదట. పాడైతే? "మీరు తేండి సార్, మేం చూస్కుంటాం." ఆ మాట నమ్మే పోయినసారి మదర్‌బోర్డు ఇచ్చి నలభై రోజులు ఎదురుచూశా.

విసిగిపోయి ఫ్రెండుకి ఫోన్ చేస్తే "ఏదైనా ఒకటే రా, తెల్లది తీస్కో, బాగుంటుంది" అన్నాడు. తెల్లదానికి ఇంకో పదిహేను వందలు ఎక్కువ.