షేక్‌హ్యాండ్ సంగతి తర్వాత, ముందు రిపోర్టు రాయడం నేర్పండి

ఇంజనీరింగ్ కాలేజీల్లో కమ్యూనికేషన్ స్కిల్స్ పేరుతో జరిగే తంతు చూస్తుంటే ఒళ్లు మండుతుంది. కళ్లలోకి చూసి మాట్లాడండి, షేక్‌హ్యాండ్ గట్టిగా ఇవ్వండి, కుర్చీలో నిటారుగా కూర్చోండి, మీ బలహీనతలేంటని అడిగితే ఇలా చెప్పండి... సెమిస్టర్ అయిపోతుంది. ఇవి తప్పని అనను. ఇంటర్వ్యూ గదిలో కాసేపు పనికొస్తాయి. ఆ తర్వాత ఉద్యోగమంతా చేయాల్సింది మాత్రం రిపోర్టులు, మెయిళ్లు, డిజైన్ డాక్యుమెంట్లు రాయడం, 'దీన్ని ఇలాగే వదిలేస్తే ప్రమాదం' అని పైవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం. దానికి ఒక్క క్లాసూ ఉండదు.

ఇదేదో పక్క సబ్జెక్టు అనుకునేవాళ్లు కొలంబియా స్పేస్ షటిల్ కథ ఒకసారి చదవాలి. 2003 జనవరి 16న పైకి లేచిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు నుంచి ఒక ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. షటిల్ కక్ష్యలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బను లెక్కగట్టి స్లైడ్లు తయారుచేశారు. అందులో ఒక స్లైడు శీర్షిక చూస్తే, పాత టెస్టుల ప్రకారం మన అంచనాలు జాగ్రత్త వైపే ఉన్నాయిలే అన్న భరోసా కలుగుతుంది. అసలు విషయం అట్టడుగు లైన్లో ఉంది. టెస్టులో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, ఇప్పుడు ఊడినదాని అంచనా 1,920 ఘనపుటంగుళాలు. అంటే 640 రెట్లు! ఆ టెస్టులతో దీన్ని తేల్చలేమని శీర్షికలోనే రాసి ఉండాల్సింది.

ఫిబ్రవరి 1న తిరిగొస్తూ షటిల్ ముక్కలైంది. లోపలున్న ఏడుగురూ చనిపోయారు. దర్యాప్తు బోర్డు ఆ స్లైడును తన నివేదికలో అచ్చేసింది. అది చదివిన పై అధికారికి ఇది ప్రాణాలకు సంబంధించిన విషయమని తట్టకపోవచ్చని రాసింది. టెక్నికల్ పేపర్లు రాయాల్సిన చోట స్లైడ్లతో సరిపెట్టడాన్నీ తప్పుపట్టింది. తప్పంతా స్లైడుదే కాదు లెండి. రెక్కకు ఫొటోలు తీయించమని ఇంజనీర్లు అడిగినా పైవాళ్లు పట్టించుకోలేదు. కానీ లెక్క చేతిలో ఉండి కూడా అది కంటపడని చోట దాక్కుందే, నా బాధ దాని గురించి. భాష రాక వచ్చిన తిప్పలు కావివి.

1999లో అంగారకుడి చుట్టూ తిరగాల్సిన నాసా నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయిందీ ఇలాంటి వ్యవహారంలోనే. ఒక టీమ్ సాఫ్ట్‌వేర్ పౌండ్లలో ఇచ్చిన లెక్కను ఇంకో టీమ్ న్యూటన్లు అనుకుంది. తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. ఇంజనీరింగ్ బృందాల మధ్య సమాచారం మరీ అనధికారికంగా నడవడం కూడా ఒక కారణమని దర్యాప్తులో తేలింది. గ్రాఫ్ మీద యూనిట్లు రాయలేదని అర మార్కు కోసేసి ఊరుకునే లెక్చరర్లు ఈ కథ కూడా చెబితే బాగుండు.

అసలు రోగం ఎక్కడుందో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. కాలేజీలో విద్యార్థి ఏం రాసినా చదివే మనిషికి జవాబు ముందే తెలుసు. ల్యాబ్ రికార్డులో ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, ఫలితం అని వరసగా నింపుతాడు, అదీ సీనియర్ రికార్డు చూసి. దిద్దేవాళ్లు పేజీలు తిప్పి సంతకం పెడతారు. నాలుగేళ్లు ఇలా రాసినవాడికి, ఏమీ తెలియని మనిషికి చెప్పడం ఎలా అలవాటవుతుంది? ఉద్యోగంలో పరిస్థితి తలకిందులు. ఆ టెస్టు చేసింది తనొక్కడే, చదివేవాళ్లకు దాని గురించి ఏమీ తెలియదు, టైమూ ఉండదు. అయినా తను పరికరాల జాబితా నుంచే మొదలుపెడతాడు. ఏం తేలింది, ఇప్పుడేం చేయాలి అన్నది ఆరో పేజీలో తగులుతుంది, అక్కడిదాకా చదివే ఓపిక ఎవరికైనా ఉంటే.

సాఫ్ట్‌వేర్‌లో తప్పు కనబడితే రాసే బగ్ రిపోర్టులైతే చెప్పనక్కర్లేదు. 'లాగిన్ పనిచేయట్లేదు', అంతే! ఏ వెర్షన్, ఏం నొక్కావు, ఏం రావాలి, ఏం వచ్చింది, ప్రతిసారీ వస్తోందా? ఈ ఐదు ముక్కలు రాస్తే అవతలివాడికి సగం రోజు మిగులుతుంది.

ఇప్పుడు ఇదంతా ఏఐ రాసిపెడుతుందిగా అంటారు. రాస్తుంది, వ్యాకరణం కూడా బాగుంటుంది. కానీ ఆ రోజు ల్యాబ్‌లో మూడో రీడింగ్ తేడాగా వచ్చిందని, దాన్ని మీరు కొట్టేసి సగటు తీశారని దానికెలా తెలుస్తుంది? ఆ సంగతి ముందు పెట్టాలో వద్దో తేల్చుకోవాల్సింది మీరే.

నన్నడిగితే ఒక పని చేయొచ్చు. ఒక బ్యాచ్ రాసిన ప్రయోగ పద్ధతిని ఇంకో బ్యాచ్ చేతికివ్వండి. నోటితో ఒక్క మాట చెప్పకూడదు. కాగితం చూసి వాళ్లకూ అదే ఫలితం వస్తే రాసినవాళ్లకు మార్కులు. రిపోర్టుల్లో మొదటి పేరా మాత్రం వేరే బ్రాంచి లెక్చరర్‌కు చూపించండి, విషయమేంటో ఆయన తిరిగి చెప్పగలిగితే పాస్. ఇన్ని ఎవరు దిద్దుతారని గొడవ చేస్తారు, నాకు తెలుసు, నిజంగానే కష్టం. అందుకే సెమిస్టర్‌కు పది రికార్డులు మానేసి రెండే రిపోర్టులు రాయించండి. ఎర్ర ఇంకుతో దిద్ది వెనక్కిచ్చి, అవే రెండూ మళ్లీ రాయించండి.