సవరణ: ముప్పై దాటితే పళ్లు కదలవన్నది తప్పు

పోయిన వారం నా పళ్ల క్లిప్పుల గురించి రాస్తూ, ముప్పై దాటాక ఎముక గట్టిపడిపోతుంది, పళ్లు ఇక కదలవు, నాకేదో అదృష్టం కొద్దీ కదిలాయి అన్నాను. తప్పు. మొన్న అమీర్‌పేటలో తీగ మార్పించుకోవడానికి వెళ్లి అడిగితే డాక్టరమ్మ నవ్వేశారు. పన్ను నెట్టుకెళ్లే వైపు ఎముక కరుగుతుంది, వెనక వదిలిన ఖాళీలో కొత్తది కడుతుంది. ఇది ఏ వయసులోనైనా జరిగేదే, పెద్దవాళ్లలో కాస్త నెమ్మది. వయసుతో ఆగిపోయేది దవడ పెరుగుదల. అందుకే దవడే బాగా ముందుకో వెనక్కో ఉన్నవాళ్లకు ఒట్టి క్లిప్పులు చాలకపోవచ్చు, కొందరికి ఆపరేషన్ దాకా వెళుతుంది. చిగుళ్ల జబ్బుంటే ముందు దాన్ని తగ్గించుకోవాలి. నిజానికి వయసు కన్నా అదే పెద్ద అడ్డం.

ఇంకోటి. క్లిప్పులు తీశాక, పళ్లు మళ్లీ జరగకుండా పట్టి ఉంచడానికి పెట్టుకునే రిటైనర్ ఆరు నెలలు చాలన్నాను. చాలదు. పళ్లు పాత చోటికే జరగాలని చూస్తాయి, రాత్రిళ్లు ఏళ్ల తరబడి పెట్టుకోవాల్సిందే. నా మాట విని రిటైనర్‌ను డబ్బాలో పడేసిన కూకట్‌పల్లి వదినా, ఇవాళే బయటికి తియ్యి. బిగుతుగా ఉండి పట్టకపోతే మాత్రం బలవంతంగా తొయ్యకు, డాక్టరుకు చూపించు.

క్లిప్పులున్నన్నాళ్లూ సకినాలు మానేయాలన్న మాటకు మాత్రం సవరణ లేదు.