ఆవిరి గారికి ఒక విన్నపం

గౌరవనీయులైన పెట్రోలు ఆవిరి గారికి,

విశాఖలో మీకున్న పలుకుబడి ఎమ్మెల్యేలకు కూడా లేదు. బంకులో స్టాకు తగ్గితే ఎవరినీ నిలదీయరు, నేరుగా మీ ఖాతాలో రాసేస్తారు. ఈమధ్య గాజువాక వైపు ఒక బంకులో చూశాను. పొద్దున్నే కుర్రాడు మూత తీసి డిప్ రాడ్ దించాడు, తడి ఎక్కడిదాకా వచ్చిందో వేలు పెట్టి చూశాడు, రిజిస్టరులో అంకె వేశాడు. నిన్నటి అమ్మకం తీసేస్తే ఉండాల్సినంత లేదు. "ఎండలకి ఎగిరిపోద్ది సార్" అన్నాడు. బయట వాన పడుతోంది.

మీ వాటా అసలు లేదని నేననను. ట్యాంకరు దించేటప్పుడు మీ వాసన ముక్కు బద్దలుకొడుతుంది. కానీ ట్యాంకు ఉన్నది నేల కింద. పైన సిమెంటు కాలిపోతున్నా అక్కడి వేడి ఒక్కరోజులో పెద్దగా మారదు. పైగా మీరు గాలికంటే బరువు. నేలను పట్టుకుని పాకుతూ గుంతల్లోకి, డ్రైనేజీల్లోకి దిగే రకం. గాలికంటే బరువైన గ్యాసు ఏం చేయగలదో 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో ఎల్పీజీ లీకైనప్పుడు ఈ ఊరు చూసింది. అలాంటి మీకు రెక్కలు తొడిగింది రిజిస్టరే.

మీ చలవ వల్ల హాయిగా ఉన్నది ట్యాంకు నుంచి మెషీను దాకా వెళ్లే పైపు. పాత పద్ధతిలో మెషీనులోని పంపే పెట్రోలును లాగేది. పైపుకు చిల్లు పడితే గాలి దూరి, నాజిల్ దగ్గర పెట్రోలు దగ్గుతూ వచ్చేది. కస్టమరే గొడవ పెట్టేవాడు. ఇప్పుడు చాలాచోట్ల ట్యాంకులో సబ్‌మెర్సిబుల్ పంపు కూర్చుని కిందనుంచి తోస్తోంది. చిన్న చిల్లు పడ్డా నాజిల్‌కి లోటు తెలియదు. కొంత మన బండిలోకి, కొంత మట్టిలోకి. కుర్రాడు "జీరో చూసుకోండి సార్" అంటాడు, మనం కళ్లు పెద్దవి చేసుకుని చూస్తాం. కింద తిరిగే మీటరుకు జీరో చూపించేవాడు లేడు, పక్క అపార్ట్‌మెంటు బోరు నీళ్లు వాసన కొట్టేదాకా. ఉప్పు తేమ ఊళ్లో ఇనుము ఎన్నాళ్లు ఆగుతుందో మన బాల్కనీ గ్రిల్లే చెబుతుంది. ప్లాస్టిక్ పైపుకు తుప్పు భయం లేదు గానీ జాయింట్లు దానికీ ఉంటాయి.

అమెరికా వాళ్లు మీ మాట నమ్మలేదు. 1988లోనే రూల్స్ రాసుకున్నారు. పంపు తోసే లైనుకు గంటకు 3 గ్యాలన్లు, అంటే సుమారు 11 లీటర్లు కారినా పట్టేసే డిటెక్టరు ఉండాలి. దాన్నీ ఏటా పరీక్షించాలి. పైపుకైతే ఏడాదికోసారి బిగుతు పరీక్ష, లేదంటే నెలనెలా నిఘా. ఆ బిగుతు పరీక్షలో మామూలుగా పనిచేసే ప్రెషరుకు ఒకటిన్నర రెట్లు పెట్టి, గంటకు 0.1 గ్యాలన్ కారినా తెలియాలి. అంటే సుమారు 380 మిల్లీలీటర్లు, మన ఊరి కొలతలో రెండు క్వార్టర్లకు కాస్త ఎక్కువ. ఆ లెక్కన రోజంతా కారితే తొమ్మిది లీటర్లు దాటుతుంది.

మన దగ్గరా 2002 పెట్రోలియం రూల్స్ ఉన్నాయి, వాటిని చూసుకునే కేంద్ర సంస్థ పెసో నాగపూర్‌లో ఉంది. ట్యాంకు వాడకముందు టెస్టు సర్టిఫికెట్ కావాలి. ఆ కాయితం ఫైల్లో ఎప్పటికీ కొత్తగానే ఉంటుంది, వయసు మీదపడేది పైపుకే. మళ్లీ టెస్టు అంటే లైను మూయాలి, సేల్ ఆపాలి. ఓనరుకి టెన్షన్. మీ పేరు రాయడానికి పెన్ను చాలు.

పోనీ టెస్టు పెట్టినా ప్రెషరు మీటరు ముల్లు చూసి సంతకం చేసేస్తే సరిపోదు. పైపులో గాలి బుడగ చిక్కితే, పెట్రోలు కారుతున్నా అది స్ప్రింగులా తోస్తూ ముల్లును తొందరగా దిగనివ్వదు. పెట్రోలు చల్లబడితే చిల్లు లేకపోయినా ముల్లు దిగుతుంది. డిగ్రీకి వెయ్యి లీటర్ల మీద సుమారు ఒక లీటరు తేడా వస్తుంది మరి. అందుకే గాలి తీసేసి, వేడి కుదురుకునేదాకా ఆగాలి. ఆగడమే మనవాళ్లకు చేతకానిది.

కాబట్టి నా విన్నపం ఏమిటంటే, ఆ లైను మూసిన రోజున మీరు బంకు దరిదాపుల్లో కనబడకండి. ముల్లు దిగగానే మీ పేరు చెప్పడానికి ఓనరు నోరు తెరుచుకునే ఉంటాడు. గాలి తీసేసి నింపి, రెండు వైపులా మూసిన పైపులోంచి ఎగిరిపోవడానికి మీకు దారే లేదని టెస్టు చేసే మేస్త్రీ ఆయనకు వివరంగా చెప్పుకుంటాడు.

ఇట్లు,
జీరో చూసి డబ్బులిచ్చే ఒక కస్టమర్,
మద్దిలపాలెం