గుల్‌మార్గా, ఔలీనా? ఒక మంచు తగవు

మా ఇంట్లో స్కీయింగ్, అంటే కాళ్లకు పొడుగాటి బద్దలు కట్టుకుని మంచు వాలు మీద జారడం, వచ్చినవారు లేరు. బంధువుల్లోనూ లేరు. విజయవాడలో మా వీధి మొత్తం గాలించినా దొరకరు. కాలువ గట్టు దిగుతూ జారిపడినవారు మాత్రం ఇద్దరున్నారు, కానీ వారు దాన్ని క్రీడగా ఎన్నడూ చెప్పుకోలేదు. అయినా సంక్రాంతి సెలవులకు ఏ స్కీ కేంద్రానికి వెళ్లాలన్న ప్రశ్న మీద మూడు వారాలుగా ఇల్లు రెండు పక్షాలుగా చీలిపోయింది. ఇంతటి విషయాన్ని నాలుగు గోడల మధ్య తేల్చుకోవడం ప్రజాస్వామ్యానికి మంచిది కాదని ఇలా మీ ముందు పెడుతున్నాను.

గుల్‌మార్గ్ పక్షానికి నాయకుడు మా బావమరిది. అతని వాదనకు బలం ఎత్తు. శ్రీనగర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరే 2,650 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గోండోలా, అంటే తీగ మీద నడిచే పెట్టె, ఎక్కితే మొదటి దశలో కొంగ్‌డోరి, రెండో దశలో అఫర్వాత్ కొండ భుజం, అంటే నాలుగు వేల మీటర్లకు కాస్త తక్కువ. "అంత ఎత్తు నుంచి స్కీల మీద దిగితే ఎలా ఉంటుందో ఊహించు బావా" అంటాడు. నేను ఊహించాను. అపార్టుమెంటులో లిఫ్టు చెడిపోయిన రోజు ఈ మనిషి రెండో అంతస్తు నుంచి పాల ప్యాకెట్ కోసం దిగలేక తాడు కట్టి బుట్ట దింపాడు. పైగా అఫర్వాత్ వాలు చదును చేసిన బాట కాదు. మంచు చరియలు విరిగిపడే చోటు, ఆరితేరినవారు కూడా గస్తీ సిబ్బంది మాట విని కదిలే చోటు. మాలాంటివారికి కేటాయించినది కింద, ఊరి పక్కన, చంటిపిల్లలు కూడా పడి లేచే చిన్న వాలు.

దానికన్నా మనకు అచ్చివచ్చే క్రీడ స్లెడ్జి. చెక్కబల్ల మీద మనం కూర్చుంటాం, ఒక కాశ్మీరీ సోదరుడు తాడు పట్టి మనల్ని ఎగువకు లాగుతాడు. ఆ తర్వాత అతనే ముందు కూర్చుని మనల్ని దిగువకు జారుస్తాడు. ఎక్కించింది అతను, దించింది అతను, ఆయాసపడింది అతను. ఫోటో కింద "సాహసయాత్ర" అని రాసుకునేది మనం.

ఉత్తరాఖండ్‌లోని ఔలీ పక్షానికి నాయకురాలు మా అమ్మ. ఆమెకు స్కీలతో పనిలేదు. ఔలీకి దిగువన ఉన్న జోషీమఠ్‌లో నరసింహస్వామి ఆలయం ఉందని ఎవరో చెప్పారు. అంతే. సింహాచలం, అహోబిలం, యాదగిరిగుట్ట చూసేసిన ఇల్లాలికి స్వామి మంచులో కూడా కొలువున్నాడని తెలిస్తే ఊరుకుంటుందా? ఔలీ నుంచి 7,816 మీటర్ల నందాదేవి శిఖరం కనిపిస్తుందట, అమ్మవారి దర్శనం అదనం. ఆ స్వామి విగ్రహం ఎడమచేయి ఏటికేడు సన్నబడుతోందని, అది విరిగిన రోజు బదరీనాథ్ దారి మూసుకుపోతుందని అక్కడి స్థలపురాణం. వద్దనడానికి పనికొస్తుందని నేనే ఈ కథ చెప్పాను. విన్నాక అమ్మ తొందర రెట్టింపయింది.

చేయి సంగతి ఎలా ఉన్నా, నేల మాత్రం నిజంగానే కుంగింది. 2023 జనవరిలో జోషీమఠ్ ఇళ్ల గోడలు బీటలు వారి వందల కుటుంబాలు ఇల్లు విడిచిపోయాయి. ఔలీకి ఎక్కే నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఆగిపోయింది. పాత కొండచరియల శిథిలాల మీద కట్టిన ఊరు, భారీ నిర్మాణాలు వద్దని ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది. ఇక్కడ నవ్వడానికి నాకు నోరు రావడం లేదు. కమిటీలు చెప్పింది వినే అలవాటు మా ఇంట్లోనూ లేదని మాత్రం ఒప్పుకోగలను.

ఇక రుషీకేశ్ నుంచి జోషీమఠ్‌కు సుమారు 250 కిలోమీటర్ల కొండదారి. మా ఆవిడకు ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీదే నిమ్మకాయ వాసన చూపించాలి. ఆమె ఏ పక్షమూ కాదు, తటస్థం. మా ఇంట్లో తటస్థం అంటే చివరికి గెలిచేది అని అర్థం.

ఇంత వాదనలో అసలు ప్రశ్న అడిగింది మా అబ్బాయి: "అప్పటికి మంచు పడుతుందా?"

సభ నిశ్శబ్దం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు మేం మంచు టోపీలు ఆరు కొనేశాం. మనకు బంగాళాఖాతంలో అల్పపీడనం ఎలాగో హిమాలయాలకు మధ్యధరా వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు అలాగ. అవి వస్తేనే మంచు. ఈమధ్య అవి అలిగిన కొత్త అల్లుడిలా పండగ వెళ్లిపోయాక వస్తున్నాయి. 2024 జనవరిలో నెలాఖరు దాకా గుల్‌మార్గ్ మైదానం గోధుమరంగులో ఎండిపోయి కనిపించింది. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు లేక వాయిదా పడ్డాయి. ఔలీలోనూ ఇదే కారణంతో పోటీలు ఆగిన ఏళ్లున్నాయి. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం అక్కడికి కృత్రిమ మంచు యంత్రాలు తెచ్చారు. అవి పనిచేయాలన్నా ముందు గడ్డకట్టే చలి ఉండాలి. ఆస్తి ఉన్నవాడికే అప్పిచ్చే బ్యాంకు లాంటి యంత్రమన్నమాట.

"మార్చికి వాయిదా వేద్దాం. అప్పటికి పైన మంచు బాగా పేరుకుంటుంది" అన్నాడు బావమరిది.

మార్చిలో మా వాడికి పదో తరగతి పరీక్షలు. తటస్థ పక్షం మొదటిసారి నోరు విప్పింది, ఒక్క వాక్యంలో సభ ముగించింది.

కనుమ మర్నాడు మంగళగిరి వెళ్తున్నాం. అక్కడా నరసింహుడే, పైగా పోసిన పానకంలో సగం తిరిగి ఇస్తాడు. కొన్న టోపీలు వృథా కాకూడదని అందరం పెట్టుకోవాలని తీర్మానం. ఆ కొండ ఎన్ని మీటర్లో బావమరిది ఇప్పుడు ఫోనులో వెతుకుతున్నాడు.