గోరే దీవిలో చూడాల్సింది ఆ తలుపు కాదు, పై అంతస్తు

సెనెగల్ రాజధాని డాకర్ రేవులో ఫెర్రీ ఎక్కితే 20 నిమిషాల్లో గోరే దీవి. పొడవు 900 మీటర్లు, వెడల్పు అటూఇటూగా 350. కార్లు లేవు, హారన్ మోత లేదు. ఇసుక సందులు, పసుపు, ఎరుపు గోడలు, వాటి మీద విరగబూసిన కాగితంపూలు. ఫోన్ ఎటు తిప్పినా ఫొటో బాగానే వస్తుంది. అందుకే యాత్రా వీడియోల వాళ్ళు సెనెగల్ వెళ్తే దీన్ని వదలరు. పొద్దున దిగడం, బానిసల గృహంలో సముద్రం వైపు తెరుచుకున్న, బానిసలను ఓడెక్కించింది ఇక్కడి నుంచే అని చెప్పుకునే ‘తిరిగిరాని తలుపు’ దగ్గర దిగాలుగా ఒక ఫొటో, తర్వాత వేపిన చేప, రంగు ఇసుకతో వేసిన బొమ్మ ఒకటి, మధ్యాహ్నం ఫెర్రీకి తిరుగు ప్రయాణం. ఇలా వెళ్ళొచ్చినవాళ్ళు గోరేను చూడలేదనే అంటాను.

తప్పంతా వాళ్ళది కాదు. ఆ తలుపును అంత పెద్దది చేసింది పెద్దవాళ్ళే. 1991లో మండేలా వచ్చారు. మరుసటి ఏడాది పోప్ రెండో జాన్ పాల్ వచ్చి క్షమాపణ కోరారు. 2013లో ఒబామా అదే తలుపులో నిలబడి సముద్రం చూశారు. ఆ ఇంటిని దశాబ్దాల పాటు కాపాడిన క్యూరేటర్ బూబకార్ జోసెఫ్ న్దియాయ్ (2009లో చనిపోయారు) ఇక్కడి నుంచి లక్షలు, కోట్ల మంది బానిసలుగా వెళ్ళారని చెప్పేవారు. ఫిలిప్ కర్టిన్ వంటి చరిత్రకారులు 1990ల్లో దాన్ని గట్టిగా కాదన్నారు. అట్లాంటిక్ దాటించిన సుమారు 1.25 కోట్ల మందిలో గోరే వాటా వేలల్లోనే. అంగోలాలోని లువాండా, బెనిన్‌లోని ఉయిదా వంటి రేవులతో పోలిస్తే ఇది చిన్నది. ఆ తలుపు బయట ఉన్నవి రాళ్ళు, ఓడ అక్కడికి రాలేదు. లెక్కల విషయంలో నేను చరిత్రకారుల పక్షమే. కానీ దాన్ని పట్టుకుని ‘అయితే గోరే అంతా కట్టుకథే’ అనేవాళ్ళున్నారు చూడండి, వాళ్ళు ఆ ఇంటి మెట్లెక్కి పైకి చూసినట్టు లేరు.

1776 ప్రాంతంలో కట్టిన ఇల్లది. రెండు వైపుల నుంచీ వంపు తిరిగి పైకెళ్ళే మెట్లు. కింద గాలాడని గదులు, పైన సముద్రపు గాలి తగిలే విశాలమైన హాలు. ఆ ఇంటితో ముడిపడ్డ పేరు ఏ ఫ్రెంచి సైనికాధికారిదో కాదు, ఆన్ పెపాన్ అనే గోరే మహిళది. ఐరోపా మగవాళ్ళకూ ఆఫ్రికా స్త్రీలకూ పుట్టిన సంతానంలోంచి వచ్చిన ‘సిన్యార్’లు ఈ దీవిలో వ్యాపారులు. ఇళ్ళు వాళ్ళవి, పడవలు వాళ్ళవి, బానిసలూ వాళ్ళవే. 18వ శతాబ్దంలో దీవి జనాభాలో సగానికి పైగా బానిసలే. వంట చేసింది, బట్టలుతికింది, మనం ఫొటోలు తీసుకునే ఆ గోడలు కట్టింది వాళ్ళు. వాళ్ళు ఏ ఓడా ఎక్కలేదు. ఇక్కడే బతికారు, ఇక్కడే పోయారు.

తలుపు కథ ఇదంతా మింగేస్తుంది. బానిసత్వమంటే ఎక్కడికో వెళ్ళిపోయిన ఓడ అనిపిస్తుంది, దుర్మార్గుడు తెల్లవాడొక్కడే అవుతాడు, చూసేవాడికి ఏ ఇబ్బందీ ఉండదు. మేడ మీది హాలు అలా వదలదు. కింద మనుషుల్ని పెట్టుకుని పైన అతిథులకు మర్యాదలు చేయడం మామూలు సంసారంలో భాగమైపోయిందని అది చెబుతుంది. పనిమనిషికి వేరే గ్లాసు పెట్టే ఇళ్ళ నుంచి వెళ్ళిన మనకు ఆ హాలు అర్థం కాకపోవడానికి వీల్లేదు.

సెలవు మీద వెళ్ళినవాడి నెత్తిన ఇంత బరువు పెట్టడమెందుకని అడుగుతారు. దీవి వాళ్ళకు పర్యాటకమే కూడు, మొహం ముడుచుకున్న యాత్రికుడి వల్ల వాళ్ళకేం లాభమంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఒక రాత్రి అక్కడే ఉండండి. చీకటి పడే వేళకు యాత్రికులు ఖాళీ అయ్యాక ఆ ఊరు ఊరిలా ఉంటుంది. గది అద్దె, రెండు పూటల భోజనం డబ్బు అక్కడే మిగులుతుంది.

ఇక మన సంగతి. ‘పాపం ఆఫ్రికావాళ్ళు’ అని నిట్టూర్చి, మనకేం సంబంధం లేని ప్రేక్షకుల్లా బయటపడే హక్కు తెలుగువాడికి లేదు. 1677లో ఫ్రెంచివాళ్ళు లాక్కునేదాకా గోరే డచ్చి వాళ్ళ వెస్టిండియా కంపెనీది. ఆ కాలంలోనే డచ్చి వాళ్ళ మరో కంపెనీకి మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామంలో కొఠీలున్నాయి. అక్కడ కొన్న సరుకులో ముఖ్యమైనది గినీ బట్ట. ఆ నూలు బట్ట ఐరోపా చేరి, అక్కడి నుంచి పశ్చిమాఫ్రికా వెళ్ళేది. 18వ శతాబ్దానికి బానిసలను కొనడానికి ఓడలు మోసుకెళ్ళిన సరుకుల్లో మన దేశపు బట్టలది పెద్ద వాటా. పుదుచ్చేరి నీలం బట్ట సెనెగల్ నది వెంట జిగురు వ్యాపారంలో డబ్బులాగే చెల్లింది. దలారి ఇచ్చిన బయానా తీర్చడానికి మగ్గం మీద వంగిన సాలెవాడికి ఇదేదీ తెలియదు. అతని మీద పాపం మోపడం నా ఉద్దేశం కాదు. తెలుసుకోగలిగీ తెలుసుకోని మన మీదే నా ఫిర్యాదు.

గోరేలో కథ పెంచి చెప్పారేమో గానీ మరిచిపోలేదు. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా మొదలైనప్పుడు తొలి 12 స్థలాల్లో అదొకటి. అమెరికాలో పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జి ఫ్లాయిడ్ హత్య తర్వాత 2020లో అక్కడి ఐరోపా కూడలి పేరు తీసేసి స్వేచ్ఛ, మానవ గౌరవాల పేరు పెట్టుకున్నారు. మన కోరంగికి వెళ్ళి చూడండి. మడ అడవులు, చెక్క వంతెన, బోటు షికారు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక, చెరకు తోటలకు మనుషులు కావలసి, 1830ల చివర్లో కూలీలను మారిషస్‌కు ఓడల్లో ఎక్కించిన రేవు అది. భారతీయ కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను మారిషస్ భద్రంగా దాచుకుంది, 2006లో ప్రపంచ వారసత్వ హోదా తెచ్చుకుంది. అలా వచ్చిన కూలీల పేరు, ఊరు, జిల్లా రాసుకున్న రిజిస్టర్లు అక్కడి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. వాటిలో తెలుగు జిల్లాల పుటల నకళ్ళు తెప్పించి కోరంగిలో బోటు టికెట్లిచ్చే చోట ఒక గదిలో పెట్టడానికి యునెస్కో అనుమతి అక్కర్లేదు. పర్యాటక శాఖ నుంచి ఒక ఉత్తరం వెళ్తే చాలు.