నిషేధం తిండి మీద కాదు, పంక్తి మీద

మతాలు విధించిన ఆహార నిషేధాల గురించి మాట మొదలైతే చాలు, ఎవరో ఒకరు ఆరోగ్య సూత్రం అందుకుంటారు. పంది మాంసంలో పురుగులుంటాయి కాబట్టి యూదులూ ముస్లింలూ దాన్ని ముట్టరని, రాత్రివేళ జీర్ణశక్తి తగ్గుతుంది కాబట్టి జైనులు పొద్దుగూకకముందే భోజనం ముగిస్తారని, పెద్దలు ఏదీ ఊరికే చెప్పలేదని, అన్నిటి వెనుకా శాస్త్రీయ కారణం ఉందని గట్టిగా చెబుతారు. ఈ వాదన వినసొంపుగా ఉంటుంది. విశ్వాసిని సంతోషపెడుతుంది, హేతువాదికీ అభ్యంతరం లేకుండా చేస్తుంది. కానీ ఇది తప్పు. మనుషులు ప్రాణాలకు తెగించి నిలబెట్టుకున్న నియమాలను వైద్య సలహాల స్థాయికి దించేసి, అవి సమాజంలో నిజంగా చేసిన పనిని మన కంటికి కనపడకుండా చేస్తుంది. ఎవరు ఎవరితో కలిసి కూర్చుని తినవచ్చో, ఎవరితో తినకూడదో తేల్చడమే ఆ పని.

పంది మాంసం సంగతే ముందు చూద్దాం, ఆరోగ్యవాదానికి కంచుకోట అదే. సరిగా ఉడకని పంది మాంసం ద్వారా ట్రైకినెల్లా అనే సూక్ష్మ పురుగు మనిషి కండరాల్లో చేరుతుంది. ఆ పురుగు పిల్లదశను 1835లో లండన్‌లో జేమ్స్ పేజెట్ అనే వైద్య విద్యార్థి మొదట గమనించాడు. అది పంది మాంసం నుంచి వస్తుందని, మనిషి ప్రాణం తీయగలదని జర్మన్ వైద్యుడు జెంకర్ రుజువు చేసింది 1860లో. సూక్ష్మదర్శిని ఉన్నవారికే అది అంత ఆలస్యంగా తెలిసింది. ఎందుకంటే ఇది తిన్న పూటే పడగొట్టే జబ్బు కాదు. కండరాల నొప్పి, జ్వరం బయటపడడానికి వారాలు పట్టవచ్చు. ఎన్నో రోజుల కిందటి భోజనానికీ ఇవాళ్టి జ్వరానికీ ఉన్న లంకెను ప్రాచీన పశువుల కాపరులు కనిపెట్టారనుకున్నా, వారు ఇవ్వవలసిన ఆదేశం ‘బాగా ఉడికించి తినండి’ అని కదా! ఆంత్రాక్స్ పశువుల నుంచి, గొర్రెల నుంచి వస్తుంది. మేక పాలు కాచకుండా తాగితే బ్రుసెల్లోసిస్ రావచ్చు. వీటిలో ఏ జంతువుకూ నిషేధం లేదు. యూదుల ధర్మశాస్త్రంలో భాగమైన లేవీయకాండం 11వ అధ్యాయం జంతువులు, చేపలు, పక్షులు, పురుగుల గురించి అంత వివరంగా చెబుతుంది, ఒక్క విషపు మొక్క పేరు కూడా చెప్పదు. ప్రాణరక్షణే ఉద్దేశమైతే ఆ జాబితా మొదలవవలసింది అక్కడే.

ఈ సంగతి మతపండితులకు తెలియనిది కాదు. 12వ శతాబ్దపు యూదు తత్త్వవేత్త మైమొనిడీస్ వృత్తిరీత్యా వైద్యుడు. నిషిద్ధ ఆహారాలు ఒంటికి మంచివి కావని ఆయన వాదించాడు. 15వ శతాబ్దపు పండితుడు ఐజాక్ అబర్బనెల్ దానికి గట్టిగా అడ్డు తగిలాడు. అదే నిజమైతే దైవశాసనం ఒక చిన్న వైద్య పుస్తకమైపోతుందని, పంది మాంసం తినే జాతులు మన కళ్ల ముందే ఆరోగ్యంగా బతుకుతున్నాయి కదా అని నిలదీశాడు. ఆయన పరమ విశ్వాసి. తన ధర్మానికి బయటి నుంచి యోగ్యతాపత్రం అవసరం లేదన్న ఆత్మగౌరవం ఆ మాటల్లో ఉంది. ఇవాళ ప్రతి ఆచారానికీ ప్రయోగశాల ముద్ర కోసం వెంపర్లాడేవారిలో నాకు ఆ ఆత్మగౌరవమే కనిపించడం లేదు.

అసలు కారణాన్ని గ్రంథమే దాచకుండా చెబుతోంది. లేవీయకాండం 20వ అధ్యాయం చివర దేవుడు తన ప్రజలతో అంటాడు: ఇతర జనాల నుంచి మిమ్మల్ని వేరు చేశాను, కాబట్టి మీరూ శుద్ధమైన జంతువులను అశుద్ధమైన వాటి నుంచి వేరు చేయండి. ఇంత తేటగా చెప్పాక ఇంకేం కావాలి? ఇంకా అనుమానం ఉంటే అదే ధర్మశాస్త్రంలోని ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం 21వ వచనం చదవాలి. దానంతట అది చచ్చిన జంతువును మీరు తినకూడదు, మీ మధ్య ఉన్న పరదేశికి ఇవ్వవచ్చు, అన్యుడికి అమ్మవచ్చు అని ఉంది అక్కడ. అది విషమని భావించి ఉంటే, పరదేశిని బాధించవద్దని పదే పదే హెచ్చరించిన ఆ శాసనమే దాన్ని పరదేశి చేతిలో పెట్టమంటుందా? ఆ మాంసం తినకపోవడం ఒక జనానికి గుర్తు. ఆ జనంలో లేనివారికి ఆ నియమమూ లేదు.

ఒంటె మరో సాక్ష్యం. యూదు శాసనం ప్రకారం ఒంటె నిషిద్ధం, ఎందుకంటే అది నెమరు వేస్తుంది గాని డెక్క పూర్తిగా చీలి ఉండదు. ఇస్లాం పందిని, రక్తాన్ని, చచ్చిన జంతువును, అల్లాహ్ కాని ఇతరుల పేరిట కోసినదాన్ని నిషేధించింది, ఒంటెను అనుమతించింది. ఎడారిలో ఒంటె మాంసం ఒకరికి అనారోగ్యం, పక్కవారికి ఆరోగ్యం అయ్యే వీలు లేదు. దగ్గర బంధుత్వం ఉన్న రెండు మతాలు కొన్ని ముఖ్య నిషేధాలను పంచుకుని, ఒంటె లాంటి చోట్ల విడిపోయాయి. ఆ విడిపోవడంలోనే కొత్త సమాజం తన ఉనికిని చాటుకుందని నేను నమ్ముతాను.

పర్యావరణం వైపు నుంచి వచ్చే వాదన ఆరోగ్యవాదం కన్నా బలమైనది, ఒప్పుకోవాలి. పంది ఒంటిని చల్లబరచుకునేంతగా చెమట పట్టదు, దానికి నీడా నీరూ కావాలి. గడ్డి మేసి బతకలేదు, మనిషి తినే గింజలకే పోటీ వస్తుంది. పాలకు, ఉన్నికి, దున్నడానికి పనికిరాదు. పొడి నేలల్లో దాన్ని పెంచడం దండగ కాబట్టి మతం ఆ వివేకాన్ని శాసనంగా మార్చిందని మానవశాస్త్రవేత్త మార్విన్ హారిస్ వాదించాడు. జనం పందుల్ని తక్కువగా ఎందుకు పెంచారో దీనివల్ల అర్థమవుతుంది. గిట్టుబాటు కాని పనిని మాన్పించడానికి దైవాజ్ఞ ఎందుకో మాత్రం అర్థం కాదు. ఎవరూ పెంచని గద్దనూ గుడ్లగూబనూ గబ్బిలాన్నీ అదే జాబితాలో ఎందుకు చేర్చారో అసలే అర్థం కాదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఒప్పించింది నిషేధాలు పుట్టిన తీరు కాదు, అవి ఎప్పుడు సడలాయి, ఎప్పుడు బిగిశాయి అన్నది. ఒక మతం బయటివారికి తలుపు తెరవాలనుకున్నప్పుడు మొదట సడలేది ఆహార నియమమే. బైబిలు కొత్త నిబంధనలోని అపొస్తలుల కార్యాల 10వ అధ్యాయంలో యేసు శిష్యుడు పేతురుకు ఆకాశం నుంచి దిగే దుప్పటిలో అన్ని రకాల జంతువులూ కనిపిస్తాయి, చంపి తినమన్న మాట వినిపిస్తుంది. ఆయన ఒప్పుకోడు. తరువాత కైసరయలో కొర్నేలీ అనే రోమన్ సైనికాధికారి ఇంట అడుగుపెట్టి, ఏ మనిషినీ అపవిత్రుడని అనకూడదని దేవుడు నాకు చూపించాడు అంటాడు. కనిపించినవి జంతువులు, ఆయన నేర్చుకున్నది మనుషుల గురించి! క్రైస్తవం యూదు సమాజం దాటి ప్రపంచ మతం కావడంలో ఆ దృశ్యం పాత్ర చిన్నది కాదు.

అదే క్రైస్తవం తరువాత జర్మన్ తెగల మధ్యకు వెళ్లినప్పుడు కొత్త నిషేధం ఒకటి తెచ్చింది. 732లో మూడో గ్రెగొరీ పోపు మతప్రచారకుడు బోనిఫేస్‌కు లేఖ రాస్తూ గుర్రపు మాంసం తినడాన్ని మాన్పించమన్నాడు. పాత దేవతల బలివిందుల్లో గుర్రానికి ఉన్న చోటు ఏమిటో తెలిస్తే దీనికి వేరే వివరణ అక్కర్లేదు. సుమారు 1000వ సంవత్సరంలో ఐస్‌లాండ్ ప్రజాసభ క్రైస్తవాన్ని స్వీకరించినప్పుడు, పాత మతస్థులను ఒప్పించడానికి ఇచ్చిన మినహాయింపుల్లో గుర్రపు మాంసం ఒకటి. రాజీ కుదిరినప్పుడు అనుమతించారు, కొత్త మతం స్థిరపడ్డాక కొన్నేళ్లకే ఆ మినహాయింపును తీసేశారు. ఈలోపు గుర్రం మాంసంలో మారింది ఏమీ లేదు.

ఇంతకన్నా దగ్గరి కాలపు ఉదాహరణ అమెరికాలో పుట్టిన మార్మన్ మతశాఖది. 1833లో దాని స్థాపకుడు జోసెఫ్ స్మిత్ మద్యం, పొగాకు, వేడి పానీయాలు మానాలని ఒక దైవసందేశం ప్రకటించాడు. అది ఆజ్ఞగా కాదు, సలహాగా అని అందులోనే ఉంది. దశాబ్దాలపాటు చాలామంది దాన్ని సలహాగానే తీసుకున్నారు. అప్పట్లో వారిని మిగతా అమెరికా నుంచి వేరుగా నిలబెట్టింది బహుభార్యత్వం. 1890లో చర్చి దాన్ని అధికారికంగా వదులుకుంది. ఆ తరువాతి తరంలో పాత సలహా క్రమంగా గట్టిపడి, 1921 నాటికి ఆలయ ప్రవేశానికి తప్పనిసరి షరతు అయింది. కాఫీ, టీ తాగకపోవడం మార్మన్‌కు గుర్తుగా నిలిచింది. ఒక హద్దు పోయింది, దాని స్థానంలో మరొకటి లేచింది. ఇది దస్తావేజులున్న కాలంలో జరిగింది కాబట్టి మనం అడుగడుగునా చూడగలుగుతున్నాం. ప్రాచీన నిషేధాలూ ఇలాగే బిగిశాయని అనుకోవడానికి నాకు సంకోచం లేదు.

బుద్ధుడి నిర్ణయం దీనికి అవతలి వైపు నుంచి సాక్ష్యం చెబుతుంది. భిక్షువులు జీవితాంతం మాంసం, చేపలు మానాలని నియమం పెట్టమని శిష్యుడు దేవదత్తుడు కోరితే ఆయన నిరాకరించాడని భిక్షువుల నియమ గ్రంథం వినయపిటకం చెబుతోంది. తన కోసమే చంపినట్టు చూడకపోతే, వినకపోతే, అనుమానం లేకపోతే భిక్షువు దాన్ని స్వీకరించవచ్చు. ప్రతి గడప ముందూ భిక్షాపాత్రతో నిలబడవలసిన సంఘం ఆ పాత్ర చుట్టూ గీత గీసుకోలేదు. జైనుల దారి వేరు. దుంపలు పెరికితే, చీకట్లో తింటే సూక్ష్మజీవులు చస్తాయన్నది వారి భయం. ఆ నియమం అహింస నుంచి వచ్చింది, జీర్ణశక్తి నుంచి కాదు. దాన్ని హద్దుల లెక్కలో వేయడం అన్యాయం, నేను వేయను.

కానీ హద్దులకు ఒక చీకటి కోణం ఉంది, ఆరోగ్యం కబుర్లు దాన్నే కప్పిపెడుతున్నాయి. ఏమి తినాలన్న ప్రశ్న చాలా త్వరగా ఎవరి చేతి వంట తినాలన్న ప్రశ్నగా మారుతుంది. అన్యుల ద్రాక్షారసం ఎందుకు నిషిద్ధమో యూదుల ధర్మచర్చల గ్రంథం బాబిలోనియా తాల్ముద్ మొహమాటం లేకుండా చెప్పింది: వారి కూతుళ్ల కారణంగా. కలిసి తాగితే సంబంధాలు కలుస్తాయన్న భయం అది. మనుస్మృతి 5వ అధ్యాయం వెల్లుల్లి, ఉల్లి, పుట్టగొడుగులను నిషేధిస్తుంది. దానికి ముందే 4వ అధ్యాయం వైద్యుడి అన్నం, కమ్మరి అన్నం, కంసాలి అన్నం, బట్టలు ఉతికేవారి అన్నం తినవద్దంటుంది. అదే గింజ, అదే నీరు, అదే నిప్పు. తేడా వండిన చేతిది. దీనికి ఏ సూక్ష్మజీవి శాస్త్రం సాకు చెప్పగలదు? సహపంక్తి భోజనం కోసం జరిగిన ప్రతి పోరాటం ఈ రెండో రకం నిషేధం మీద జరిగిన తిరుగుబాటే. గురునానక్ లంగరులో, అంటే ఉమ్మడి భోజనశాలలో, అందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టడం నాకు గొప్ప తాత్విక గ్రంథాలతో సమానం.

అందుకే అసలు తేల్చుకోవలసింది నిషేధం మంచిదా చెడ్డదా అన్నది కాదు, ఆ హద్దు ఎవరు ఎవరి కోసం గీశారన్నది. క్రీస్తుపూర్వం 167 ప్రాంతంలో గ్రీకు రాజు నాలుగో ఆంటియోకస్ తన ఏలుబడిలోని యూదులను పంది మాంసం తినమని బలవంతపెట్టాడు. ఎలియాజరు అనే తొంభై ఏళ్ల వృద్ధుడి కథ మక్కబీయుల రెండో గ్రంథంలో ఉంది. తినదగిన మాంసమే తెప్పించుకుని, పంది మాంసం తిన్నట్టు నటించమని పరిచయస్థులు రహస్యంగా చెబితే, నన్ను చూసి యువకులు దారి తప్పుతారని ఆయన ఒప్పుకోక ప్రాణం వదిలాడు. తిన్నట్టు కనిపించడమే ఆయనకు ఓటమి. అలాంటి నియమాన్ని కొవ్వు శాతాలతో సమర్థిస్తే ఆ మనిషిని అవమానించినట్టే. తనకు తాను గీసుకున్న గీత కోసం చచ్చిపోయే హక్కు ఎలియాజరుకు ఉంది. ఆ గీతను ఇతరుల పళ్లెంలో గీసే హక్కు గాని, ఇతరుల గీతను చెరిపే హక్కు గాని రాజుకు లేదు. స్పెయిన్‌లో మతం మార్చుకున్న యూదులు, ముస్లింలు పంది మాంసం తింటున్నారా లేదా అని ఇన్‌క్విజిషన్ అనే చర్చి విచారణ సంస్థ ఆరా తీసింది. తినకపోవడమే నేరానికి సాక్ష్యమైంది.

ఆ ఒత్తిడి ఇవాళ మెత్తబడిన రూపంలో చట్టసభల్లోకి, పురపాలక వంటశాలల్లోకి వచ్చింది. ఫ్రాన్స్‌లోని షాలోన్-సుర్-సోన్ పట్టణ బడుల్లో పంది మాంసం వడ్డించే రోజు వేరే వంటకం కూడా ఇచ్చే పద్ధతి 1984 నుంచి ఉండేది. 2015లో మేయరు లౌకికవాదం పేరిట దాన్ని ఆపించాడు. 2020 డిసెంబరులో ఫ్రాన్స్ అత్యున్నత పాలనా న్యాయస్థానం తీర్పు చెప్పింది: రెండో వంటకం ఇవ్వడం లౌకికవాదానికి విరుద్ధం కాదు, అలాగని ఇచ్చి తీరాలన్న బాధ్యతా ఊళ్లకు లేదు. ఈ తీర్పులో మొదటి సగమే సరైనది. బడి, జైలు, ఆసుపత్రి, సైనిక శిబిరం వంటి చోట్ల మనిషికి వేరే వంటగది ఉండదు. అక్కడ ప్రభుత్వం ఒక్కటే వంటకం పెడితే, దాన్ని తినలేనివాడికి ఎలియాజరుకు ఇచ్చిన ఎంపికలో ఒక చిన్న ముక్క ఇచ్చినట్టే. తినేవాడికి తినే వంటకం, తిననివాడికి మరో వంటకం, ఇద్దరికీ ఒకే బల్ల. ఇది ఊళ్ల దయ మీద వదలవలసినది కాదు, చట్టం బాధ్యతగా పెట్టవలసినది. ఒక మతం వద్దన్నదాన్ని అందరికీ వద్దనే ప్రభుత్వాలకూ ఇదే కొలత వర్తించాలి.